తెలుగు సినిమా - విజ్ఞానాసక్తి: ‘ఆదిత్య 369’, ‘మల్లేశం’ చిత్రాల పరిశీలన

వ్యాస సంగ్రహం:
విజ్ఞానశాస్త్రం, ఆవిష్కరణల పట్ల సామాన్య ప్రేక్షకులలో ఆసక్తి కలిగించడంలో సినిమా పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రాన్ని అద్భుతంగా చూపే చిత్రం కుతూహలాన్ని రేపుతుంది. యంత్రం పుట్టిన క్రమాన్ని చూపే చిత్రం ఆలోచనాపద్ధతిని పరిచయం చేస్తుంది. ఈ భేదాన్ని రెండు తెలుగు చిత్రాల ఆధారంగా పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: తెలుగు సినిమా, శాస్త్రీయ దృక్పథం, ఆవిష్కరణ, ఆసు యంత్రం, చేనేత.

1. ఉపోద్ఘాతం:
శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని భారత రాజ్యాంగంలోని 51-ఎ (హెచ్) అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా ఇది రాజ్యాంగంలో చేరింది. అయితే చదువు మధ్యలో ఆగిపోయినవారికి, బడి దాటి వచ్చినవారికి ఈ దృక్పథాన్ని అందించే సాధనం ఏది? పాఠ్యపుస్తకం చేరలేని చోటికి కూడా సినిమా చేరుతుంది. అది తనతోపాటు విజ్ఞానాన్ని ఏ రూపంలో తీసుకువెళుతోందన్నది ఆలోచించవలసిన విషయం.

2. మాయ నుండి యంత్రానికి:
కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పేటిక తెరిచినవారికి తమకు ప్రియమైనది కనిపిస్తుంది. అది ఎలా పనిచేస్తుందని ప్రేక్షకులు అడగరు, అడగవలసిన అవసరమూ లేదు. పౌరాణిక కల్పనలో మాయకు కారణం చెప్పనక్కరలేదు.

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) ఈ స్థితిని మార్చింది. ఇందులోని కాలయంత్రం వరప్రసాదం కాదు, ప్రొఫెసర్ రామదాసు అనే శాస్త్రవేత్త నిర్మించిన పరికరం. అద్భుతానికి కర్త మనిషి కావడమే ఇక్కడి కీలకమైన మార్పు. పాత్రలు 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లి, అక్కడి నుండి 2504వ సంవత్సరానికి చేరుకుంటాయి. అణుయుద్ధానంతరం మనుషులు భూగర్భంలో తలదాచుకున్న భవిష్యత్తును చూపడం ద్వారా విజ్ఞానాన్ని ఎలా వినియోగించాలనే నైతిక ప్రశ్నను కూడా చిత్రం లేవనెత్తింది. అయినా కాలయంత్రం ఏ ఆలోచనతో, ఎన్ని వైఫల్యాల తరువాత రూపొందిందన్నది కథకు అవసరం కాలేదు. ప్రేక్షకుడికి ఫలితం కనిపించింది గాని ప్రక్రియ కనిపించలేదు.

3. ప్రక్రియే కథ అయిన చిత్రం:
రాజ్ ఆర్. దర్శకత్వంలో వచ్చిన ‘మల్లేశం’ (2019) ఆ లోటును పూరించింది. పాఠశాల చదువు మధ్యలోనే ఆగిపోయిన చేనేత కుటుంబీకుడు చింతకింది మల్లేశం జీవితం దీనికి ఆధారం. పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దే ముందు పోగులను అర్ధవృత్తాకారంలో అమర్చిన మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఇదే ఆసు పోయడం. ఒక్క చీరకు చేయి సుమారు 9000 సార్లు అటూ ఇటూ కదలాలి. ఎక్కువగా స్త్రీలే చేసే ఈ పనివల్ల భుజాలు, మోచేతులు నొప్పిపెడతాయి. తల్లి లక్ష్మి పడే ఆ బాధ నుండే మల్లేశం ప్రశ్న పుట్టింది.

1992లో మొదలైన ప్రయత్నం 1999లో ఫలించింది. చేతి కదలికను చిన్న చిన్న చలనాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి యంత్రభాగాన్ని సమకూర్చుకుంటూ వెళ్లడం ఆయన అనుసరించిన మార్గం. అప్పులు, ఊరివారి ఎగతాళి, పనిచేయని నమూనాలు ఈ కాలమంతటా ఆయనను వెన్నాడాయి. పొట్టకూటికోసం హైదరాబాదు వెళ్లిన రోజుల్లో ఒక యంత్రపు కదలికను గమనించినప్పుడు మిగిలిన చిక్కు వీడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. తల్లి పేరుతో అది ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

సమస్యను గుర్తించడం, పరిశీలించడం, ఊహించడం, ప్రయోగించడం, విఫలమై సవరించుకోవడం అనే శాస్త్రీయ పద్ధతి దశలన్నీ ఈ జీవితంలో ఉన్నాయి. ఆ పేర్లు వినిపించకుండానే ప్రేక్షకుడు వాటిని అనుభవిస్తాడు. పెద్దింటి అశోక్‌కుమార్ సంభాషణలలోని తెలంగాణ పలుకుబడి ఆవిష్కరణను ప్రయోగశాల నుండి నేతింటికి తెచ్చింది. విజ్ఞానానికి తన భాష సరిపోదనే సంకోచాన్ని ఇది తొలగిస్తుంది.

4. పరిమితులు - బోధనావకాశం:
ఏడేళ్ల శ్రమను రెండు గంటలకు కుదించినప్పుడు నిరీక్షణ బరువు తగ్గుతుంది. జీవితచరిత్ర చిత్రాలలో సమష్టి జ్ఞానం వెనుకకు పోయి వ్యక్తి ముందుకు వచ్చే ప్రమాదమూ ఉంది. ఆసు పోసిన తరతరాల స్త్రీల చేతినేర్పే యంత్రానికి మాతృక అన్న సంగతి మరుగున పడరాదు. అందువల్ల చిత్రప్రదర్శనతో బోధన ముగియకూడదు. కాలయంత్రం కథలో శాస్త్రానికి, కల్పనకు హద్దు ఎక్కడ? ఆసు యంత్రం ఏ కదలికలను అనుకరించింది? విద్యార్థుల ఇళ్లలో ఇలాంటి శ్రమ ఇంకా ఏ పనిలో ఉంది? ఈ ప్రశ్నలతో సాగే చర్చ చూసిన చిత్రాన్ని పరిశీలనగా మారుస్తుంది.

5. ముగింపు:
‘ఆదిత్య 369’ ప్రేక్షకుడి చేత “ఇది సాధ్యమా?” అనిపించింది. ‘మల్లేశం’ “ఇది ఎలా సాధ్యమైంది?” అని అడిగించింది. మొదటి ప్రశ్న లేనిదే రెండవది పుట్టదు గనుక రెండింటి అవసరమూ ఉంది. అయితే తెలుగు సినిమాలో మొదటి ప్రశ్నకు దక్కినంత చోటు రెండవదానికి దక్కలేదు. విజ్ఞానాన్ని మహిమగా ఆరాధించే ప్రేక్షకుడు దానికి దూరంగానే ఉండిపోతాడు. దాని వెనుక ఉన్న తప్పటడుగులను చూసినవాడే తానూ ఒక అడుగు వేయగలనని నమ్ముతాడు.