వానను ఆపే వామి నీళ్ళనూ ఆపుతుంది

వామి వేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. చేయి తిరిగిన రైతు గడ్డిపరకలు బయటివైపుకు వాలేట్టు పరుస్తాడు, మధ్యలో తొక్కి గట్టిపరుస్తాడు, చివర్న పైన కొప్పు పెడతాడు. వానాకాలమంతా కురిసినా పైపైన జానెడు గడ్డి తడుస్తుందంతే. లోపలి గడ్డి పొడిగానే ఉండి, మళ్ళీ ఎండాకాలం దాకా పశువులకు మేతవుతుంది.

వామి అంటుకున్న రోజున ఈ పనితనమే ఎదురు తిరుగుతుంది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం వేళ. వడగాలికి కిందికి వేలాడుతున్న రెండు కరెంటు తీగలు రాసుకుని నిప్పురవ్వలు రాలతాయి. ఊరు ఊరంతా బిందెలతో పరుగెడుతుంది. ఫైర్ ఇంజను వస్తుంది, గొట్టంతో నీళ్ళు కొడుతుంది, మంట ఆరుతుంది. తెల్లారి చూస్తే వామిలోంచి మళ్ళీ పొగ! ‘సరిగ్గా ఆర్పలేదు’ అని అగ్నిమాపక సిబ్బందిని ఆడిపోసుకుంటాం. కానీ వాననీటిని జార్చినట్టే వామి ఆ నీటినీ జార్చేసింది. పైగా వరిగడ్డి మీద సన్నని మైనపు పొర ఉంటుంది. దానిమీద నీరు పాకదు, బొట్లుకట్టి జారిపోతుంది. అందుకే ఇలాంటి చోట్ల నీటిలో నురుగు మందు కలుపుతారు. అది తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి నీరు పరకల సందుల్లోకి దిగుతుంది.

మంటకు మూడు కావాలి: కాలే వస్తువు, వేడి, ఆక్సిజన్. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది సుమారు 15 శాతానికి పడిపోతే మామూలు మంట నిలవదు. కానీ కణకణలాడే నిప్పుకు అంతకన్నా తక్కువ ఆక్సిజన్ ఉన్నా చాలు. పైన పేరుకున్న బూడిద దానికి దుప్పటి. వేడిని బయటికి పోనివ్వదు, గాలిని కొద్దికొద్దిగా మాత్రమే లోపలికి రానిస్తుంది. ‘నివురుగప్పిన నిప్పు’ అని మనుషుల గురించి వాడే మాటలో ఉన్న భౌతికశాస్త్రం ఇదే. ఆ నిప్పు వామి గర్భంలో రోజుల తరబడి బతుకుతుంది. గాలి తగలగానే లేస్తుంది. అందుకే అంటుకున్న వామిని కొక్కేలతోనో జేసీబీతోనో విప్పి, పొరపొరనూ తడపాలి. అది కుదరకపోతే ఆ వామిని వదిలేసి పక్క ఇళ్ళనూ పక్క వాములనూ కాపాడుకోవడమే తెలివైన పని.

నిప్పు లోపలా, నీళ్ళు బయటా ఉండిపోవడం ఎంత ప్రమాదమో బొంబాయి రేవు చూసింది. 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్ళు అంటుకున్నాయి. టన్నులకొద్దీ నీళ్ళు పంపు చేసినా నిప్పు మొదలు ఎక్కడుందో అందలేదు. అదే ఓడలో పేలుడు పదార్థాలూ ఉన్నాయి. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. ఆర్పడానికి వెళ్ళిన వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వారి స్మృతిలోనే.

ఇక ఫైర్ ఇంజను శక్తి ఎంతో చూద్దాం. మామూలు వాటర్ టెండర్‌లో సుమారు 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. ఒక గొట్టం నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. నీటి అసలు బలం ఆవిరి కావడంలో ఉంది. 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి పట్టే వేడికన్నా, దాన్ని ఆవిరిగా మార్చడానికి పట్టే వేడి ఏడెనిమిది రెట్లు ఎక్కువ. ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి, మంట చుట్టూ ఉన్న గాలిని నెట్టేస్తుంది కూడా. తుంపరగా కొట్టిన నీరు చప్పున ఆవిరవుతుంది. జారిపోయిన నీరు మంటకు ఏమీ చేయదు.

ట్యాంకు ఖాళీ అయ్యాక చెరువో బావో దిక్కు. ఇక్కడా ఒక మెలిక ఉంది. బండి మీది పంపు నిజానికి నీటిని పైకి లాగదు. గొట్టంలో గాలి తీసేస్తే బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. లెక్క ప్రకారం 10 మీటర్ల దాకా, ఆచరణలో 7 మీటర్ల దాకానే. ఎండాకాలం బావి అంతకన్నా అడుక్కు పోయిందంటే, నీళ్ళు కనిపిస్తున్నా బండికి అందవు. అందుకే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసినప్పుడు ఊరు, మండలం, కాలుతున్నదేమిటి అన్నవాటితో పాటు బండి వచ్చే దారి ఎటు, దగ్గర్లో చెరువు ఎక్కడ అన్నవీ చెప్పండి. పిలవాల్సింది మంటలకే కాదు. బావిలో పడిన గేదె, వరదలో చిక్కిన మనుషులు, కూలిన గోడ కింద ఉన్నవారు కూడా అగ్నిమాపక సిబ్బంది బాధ్యతే. బడుల్లో మంటల నుంచి తప్పించుకునే సాధన చేయించడం, బాణాసంచా దుకాణాలకు అనుమతి ఇచ్చేముందు చూడటం కూడా వారి పనుల్లోవే.

పొలంలో కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టే వేళ ఈ మంటల సైన్సే మరో రూపంలో ఎదురవుతుంది. ఎండిన పరక గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఇట్టే వదిలేస్తుంది. పొద్దున మంచుకు మెత్తగా ఉన్న గడ్డే మధ్యాహ్నం రెండింటికి అగ్గిపుల్లలా అంటుకుంటుంది. గాలి వీస్తే మంట ముందుకు వాలి, ఇంకా అంటుకోని గడ్డిని ముందే కాచి ఆరబెడుతుంది. చూస్తుండగానే గట్టు మీది తాటిచెట్ల ఎండుమట్టలను అందుకుంటుంది. తాటికి కొమ్మలు లేవు, పెరిగే చోటు తలలోని మొవ్వు ఒక్కటే. అది మాడితే చెట్టు మళ్ళీ చిగురించదు. కల్లు గీసే కుటుంబానికి అది ఎన్నో ఏళ్ళ బతుకుదెరువు. మంటను ఆర్పబోయి పొగలో ఊపిరాడక ప్రాణాలు వదిలిన రైతులూ ఉన్నారు. నేలకూ నష్టమే. టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. కలియదున్నడం, మోపులు కట్టించడం మేలు. నిప్పు విషయంలో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది.

చెత్తకుప్ప అయినా, చలిమంట అయినా సూత్రం ఒక్కటే. బయటి మంటను నీటికన్నా ముందు ఆపేది ఖాళీ నేల. చుట్టూ గడ్డి చెక్కేయండి, గాలి ఉన్నప్పుడు అంటించకండి, బూడిదను కెలికి తడిపి చల్లారిందని తేలాకే కదలండి. వామి ఒక్కటే కొండలా వేయకుండా రెండు మూడుగా, ఇంటికి ఎడంగా, తీగలకు దూరంగా వేసుకోండి. అలాంటి జాగా చూసుకోవడం పది నిమిషాల పని. ఫైర్ ఇంజను ట్యాంకు ఖాళీ అయ్యేదీ పది నిమిషాల్లోనే.