మందు వేసినా గెంతుతూనే ఉన్నాయి

పండక్కి ఊరెళ్లి, ఓ పది పన్నెండు రోజుల తర్వాత వచ్చి ఇంటి తాళం తీస్తారు. కుక్కనీ వెంట తీసుకెళ్లారు కాబట్టి ఇన్నాళ్లూ ఇంట్లో ప్రాణి లేదు. హాల్లో నాలుగడుగులు వేసేసరికి చీలమండ దగ్గర చురుక్కుమంటుంది. వంగి చూస్తే ప్యాంటు అంచున నల్లటి చుక్క ఒకటి. వేలు పెట్టబోయేలోగా మాయం. ఇంకో చోట ఇంకోటి. వెళ్లేముందు ఒకటీ అరా కనిపించిన మాట నిజమే. కానీ తాగడానికి చుక్క నెత్తురు లేని ఇంట్లో అవి ఆకలికి చావాలి గానీ ఇన్ని ఎలా అయ్యాయి?

నిజానికి అవి ఆ పది పన్నెండు రోజుల్లో పుట్టినవి కావు. ఎప్పుడో తయారై, తలుపు తీసేవాళ్ల కోసం కాచుక్కూర్చున్నవి. ఇది అర్థమైతే ఈ పురుగుతో పడే తంటా సగం అర్థమైనట్టే. కుక్క ఒంటి మీద మందు వేసి, ‘మందు పనిచేయలేదు’ అని విసుక్కునే వాళ్లలో చాలామందికి మందు పనిచేసే ఉంటుంది. మిగిలిపోయింది ఇల్లు.

ఈ పురుగు ఫ్లీ. పాత తెలుగులో మిన్నల్లి అన్నారు గానీ, ఇవాళ పెట్ షాపులోనైనా పశువుల డాక్టరు దగ్గరైనా ఫ్లీ అంటేనే తెలుస్తుంది. చాలా ఇళ్లలో దీన్ని గోమారితో కలిపేస్తారు. గోమారి, అంటే పిడుదు, వేరే సంతతి. ఎదిగిన గోమారికి ఎనిమిది కాళ్లు. అది గెంతలేదు. చెవి లోపలో, కాలివేళ్ల సందులోనో కరిచిపట్టుకుని తాగి తాగి ఉబ్బుతుంది, రాలిపడి గోడలెక్కుతుంది. ఫ్లీకి ఆరు కాళ్లు, రెక్కలు లేవు, పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. ఒళ్లు రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది కాబట్టి ఎంత దట్టమైన బొచ్చులోనైనా వెంట్రుకల మధ్య నుంచి సర్రున పరుగెత్తుతుంది. ఇంకో తమాషా ఏమంటే, కుక్కల మీద దొరికేది కూడా ఎక్కువగా పిల్లి ఫ్లీయే. శాస్త్రీయ నామం టెనోసెఫలైడిస్ ఫెలిస్. దాని దగ్గరి చుట్టం ఓరియెంటిస్ కూడా మన దేశపు కుక్కల మీద బాగానే కనిపిస్తుంది.

పురుగు కంటికి చిక్కకపోయినా అది ఉందో లేదో తేల్చుకోవడం సులువు. పేల దువ్వెన తీసుకుని కుక్కకు తోక మొదట్లో, నడుము మీద చర్మానికి ఆనించి దువ్వండి. రాలిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్ల టిష్యూ కాగితం మీద వేసి ఒక్క నిమిషం ఆగండి. మామూలు మట్టయితే మట్టిలాగే ఉంటుంది. ఫ్లీ విసర్జించినదైతే ఒక్కో నలుసు చుట్టూ ఇటుక రంగు మరక మెల్లగా పాకుతుంది. అది మీ కుక్క నెత్తురే.

అంత నెత్తురు విసర్జనలో ఎందుకుంటుందనే ప్రశ్నలోనే దీని సంసారం గుట్టంతా ఉంది. ఆడ ఫ్లీ రోజుకు తన బరువుకు పదిహేను రెట్లు నెత్తురు తాగుతుంది. అమెరికాలో డ్రైడెన్, గాఫర్ అనే పరిశోధకులు 1991లో కొలిచి చెప్పిన లెక్క ఇది: ఒక్కోటి రోజుకు 13.6 మైక్రోలీటర్లు. డెబ్బై రెండు ఆడ ఫ్లీలు కలిస్తే రోజుకు దాదాపు ఒక మిల్లీలీటరు. పెద్ద కుక్కకు ఇది లెక్కలోకి రాదు. నెల వయసు పిల్లికూనకు మాత్రం ప్రాణాంతకం. తాగినదంతా ఆ ఫ్లీకి అరగదు. సగం సగం అరిగిన నెత్తురు ఎండిన పొడిగా కింద రాలుతుంది. వృథా అనుకుంటాం గానీ అది దాని పిల్లల తిండి.

గుడ్లు పెట్టడం కుక్క ఒంటి మీదే జరుగుతుంది. మొదటిసారి నెత్తురు తాగిన ఒకటి రెండు రోజుల్లో మొదలుపెట్టి, మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు నలభై యాభై పెడుతుంది. పేను ఈరులా ఆ గుడ్లు వెంట్రుకకు అతుక్కోవు. అర మిల్లీమీటరు పొడవున్న తెల్లటి, నున్నటి గుడ్లు. కుక్క ఒళ్లు విదిల్చినప్పుడల్లా జలజలా రాలిపోతాయి. ఎక్కడ రాలతాయి? కుక్క ఎక్కువసేపు పడుకునే చోట. నల్ల పొడి రాలేదీ అక్కడే. గుడ్డు పగిలి బయటికొచ్చిన లార్వాకు పళ్లెంలో అన్నం వడ్డించి ఉన్నట్టే లెక్క.

లార్వాకు కాళ్లూ లేవు, కళ్లూ లేవు. వెలుతురంటే గిట్టదు. కిందికి, చీకట్లోకి పాక్కుంటూ పోతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు తిరగేస్తే దీని నివాసం కార్పెట్ అని రాసి ఉంటుంది. మన ఇళ్లలో కార్పెట్లెక్కడివి? టైల్సూ, మార్బులూ, నాపరాళ్లే కదా, ఇక్కడ బతకదులే అనుకోవడానికి లేదు. బండల మధ్య సిమెంటు ఊడిన సందు చాలు. సోఫా కుషన్ల కింద, మంచం కింద పోగైన దుమ్ము, తలుపు దగ్గర మ్యాటు, మెట్ల కింద కుక్కకు పరిచిన గోనెసంచి, కారు నిలిపే చోటి ఇసుక, పెరట్లో మల్లెపొద కింద తేమగా ఉండే నీడ: ఇవన్నీ దానికి సరిపోతాయి. కావలసింది నీడ, చెమ్మ, కాస్త ఎండు నెత్తురు. గాలిలో తేమ యాభై శాతం కన్నా తగ్గితే లార్వా ఎండిపోతుంది. వేడి 35 డిగ్రీలు దాటి అలాగే ఉంటే బతకదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలోనో, తెలంగాణలోనో ఆరుబయట నేల మీద దీని ఆటలు సాగవు. ఎండల్లోనూ చల్లగా ఉండే ఇంటి లోపలి మూలల్లో మాత్రం బతుకుతుంది. వానలు పడి తేమ పెరిగాక విజృంభిస్తుంది.

వారం, పది రోజులు తిన్నాక లార్వా పట్టుదారంతో గూడు అల్లుకుంటుంది. ఆ దారం జిగురుగా ఉంటుంది కాబట్టి దుమ్మూ ఇసుకా దారప్పోగులూ దానికే అంటుకుని, చూసేవాళ్లకు చిన్న చెత్త ఉండలా కనిపిస్తుంది. లోపల పురుగు పూర్తిగా ఎదిగిపోయాక కూడా వెంటనే బయటికి రాదు. పైన బరువు పడాలి, లేదా వెచ్చదనం తగలాలి. అంటే దగ్గర్లో ఒక జంతువు ఉన్నట్టు గుర్తు అందాలి. అందేదాకా నెలల తరబడి అలాగే లోపల ఉండిపోగలదు. అందిందా, క్షణాల్లో బయటపడి గెంతుతుంది. తాళం తీసి లోపలికి నడిచిన మీ అడుగులే ఆ గుర్తు. గూడులో ఉన్నంతకాలం స్ప్రే మందులు కూడా దాన్ని సరిగా తాకవు.

పశువైద్యులు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. ఒక ఇంట్లో ఉన్న ఫ్లీ సంతతిలో పెద్ద పురుగులు ఐదు శాతమే. మిగతా తొంభై ఐదు శాతం గుడ్లు, లార్వాలు, గూళ్లు. ఇంటింటికీ లెక్క మారుతుంది గానీ సంగతి మాత్రం ఇదే. కుక్క మీద కనిపించినవాటిని ఏరి నలిపేసి ఇక పని అయిపోయిందనుకోవడానికి లేదు.

కాట్లన్నీ చీలమండల దగ్గరే ఎందుకుంటాయంటే, పిల్లి ఫ్లీ సగటున పదమూడు సెంటీమీటర్ల ఎత్తు, ఇరవై సెంటీమీటర్ల దూరం గెంతుతుందని ఫ్రాన్స్‌లో కొలిచి చూశారు. మన ఒంట్లో అంత ఎత్తుకు అందేది అదే. దాని ఒంటి కొలతతో పోలిస్తే ఇది అసాధారణమైన గెంతు. ఏ కండరమూ అంత వేగంగా ముడుచుకోలేదు. రెజిలిన్ అనే, రబ్బరులాంటి ప్రొటీన్‌ను ముందుగా నొక్కిపెట్టి, ఒక్కసారిగా వదలడం వల్లే ఇది సాధ్యమవుతోందని బెనెట్-క్లార్క్, లూసీ 1967లో చూపించారు. ఆ శక్తి నేలను తాకేది కాలిలో ఏ భాగం నుంచి అన్న వాదన ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా నడిచింది. 2011లో కేంబ్రిడ్జిలో సటన్, బరోస్ హైస్పీడ్ కెమెరాతో చిత్రాలు తీసి, తోసేది పాదమేనని తేల్చారు.

ఫ్లీ అనగానే కొందరికి ప్లేగు గుర్తొస్తుంది. ఆ సంబంధం బయటపడింది మన ఉపఖండంలోనే. 1898 జూన్‌లో కరాచీలో పాల్-లూయీ సిమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్లేగు సోకిన ఎలుకను గాజు జాడీలో పెట్టాడు. దాని మీద ఫ్లీలు చాలవేమోనని, హోటల్ దగ్గర తిరుగుతున్న పిల్లి మీది నుంచి మరికొన్ని తెచ్చి వదిలాడు! ఆరోగ్యంగా ఉన్న ఎలుకను చిన్న పంజరంలో పెట్టి, జబ్బు ఎలుకకు తగలకుండా అదే జాడీలో ఉంచాడు. కొన్నాళ్లకు అదీ ప్లేగుతోనే చచ్చింది. ఆ రోజుల్లో ఆయన మాట నమ్మినవాళ్లు తక్కువ. అయితే ప్లేగును బాగా మోసేది ఎలుక ఫ్లీ, జెనోప్సిల్లా కియోపిస్. పిల్లి ఫ్లీ ఆ పనికి అంతగా పనికిరాదు కాబట్టి మీ సోఫా కింద ఉన్నదాన్ని చూసి ప్లేగుకు భయపడక్కర్లేదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్లీ లార్వా బద్దె పురుగు గుడ్లను మింగుతుంది. ఆ లార్వా ఎదిగి ఫ్లీ అయ్యాక, ఒళ్లు నాక్కుంటూ కుక్కో పిల్లో దాన్ని మింగితే కడుపులో బద్దె పురుగు పెరుగుతుంది. మలద్వారం చుట్టూ, పడుకున్న చోట వండిన బియ్యపు గింజల్లాంటి తెల్ల ముక్కలు కనిపిస్తే అదే. నేల మీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలకూ అరుదుగా ఇలాగే వస్తుంది. కడుపుకు మందు వేయించి ఫ్లీలను వదిలేస్తే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. కొన్ని కుక్కలకు ఫ్లీ లాలాజలం పడదు. ఒకటి రెండు కాట్లకే తోక మొదట్లో గోకి, కొరికి, వెంట్రుకలు ఊడి పుండు పడుతుంది. ‘ఒక్క పురుగు కూడా కనిపించట్లేదు డాక్టరుగారూ’ అని తీసుకొచ్చే కుక్కల్లో ఇవే ఎక్కువ. నాక్కుని నాక్కుని పురుగుల్ని మింగేసి ఉంటాయి మరి.

ఇక చేయాల్సిన పని. ఇంట్లో ఉన్న కుక్కలకూ పిల్లులకూ అన్నింటికీ ఒకేసారి మందు పడాలి. ఒకదానికి వేసి ఒకదాన్ని వదిలేస్తే డబ్బు దండగ. మెడ వెనక చర్మం మీద పోసే ఫిప్రోనిల్, సెలమెక్టిన్ ఉన్నాయి. నోటికిచ్చే ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ వర్గం మాత్రలు ఉన్నాయి. ఈ మాత్రలు గోమార్లనూ చంపుతాయి. మూర్ఛ వచ్చిన కుక్కయితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ వర్గం మాత్రలతో కొన్నింటికి ఫిట్స్ రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్లు వాడి మిగిల్చిన మందు తెచ్చి వేయొద్దు.

మందు పడ్డ కుక్కను ‘పురుగులున్నాయి’ అని బాల్కనీలో కట్టేయడం మన ఇళ్లలో మామూలే. నా లెక్కలో ఇది తప్పు. మందు ఒంట్లో ఉన్న కుక్క ఇల్లంతా ఎప్పట్లాగే తిరగాలి. దాని అడుగులకు, వేడికి గూళ్లలోంచి పురుగులు బయటికి వస్తాయి, దాని మీదికే గెంతుతాయి, గుడ్లు పెట్టేలోగా చస్తాయి. దాన్ని దూరం పెడితే బయటికొచ్చినవి మీ కాళ్ల మీదికి వస్తాయి. మందు వేసిన రెండో వారంలో కొత్త పురుగులు కనిపిస్తే కంగారుపడి మందు మార్చకండి. గూళ్లలో పాత నిల్వ ఉన్నన్నాళ్లు అవి వస్తూనే ఉంటాయి. ఆ నిల్వ అయిపోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే మందు నెల తప్పకుండా వేయాలి. ఎక్కువ రోజులు పనిచేసే రకమైతే దాని గడువు ప్రకారం వేయాలి.

ఇంటికి అన్నిటికన్నా మంచి మందు వాక్యూమ్ క్లీనర్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో హింక్, నీధమ్ 2007లో ప్రకటించిన ప్రయోగంలో, వాక్యూమ్‌తో లాగిన పెద్ద ఫ్లీల్లో 96 శాతం చచ్చాయి. లార్వాలు, గూళ్లలో ఉన్న పురుగులు (ప్యూపాలు) ఒక్కటీ మిగల్లేదు. బ్రష్షూ గాలి ఒరిపిడే వాటిని చంపి ఉంటాయని వాళ్ల అంచనా. వాక్యూమ్ లేకపోతే చీపురుతో సోఫా, మంచం జరిపి మూలమూలా ఊడ్చి, ఆ దుమ్మును అక్కడే వదిలేయకుండా వెంటనే కవర్లో కట్టి బయట పారేసి, తర్వాత తడిగుడ్డతో తుడవాలి. కుక్క పక్కగుడ్డలు వారానికోసారి వేడి నీళ్లలో ఉతికి, నడినెత్తి ఎండలో ఆరేయాలి. ఉతకలేని పరుపుకూ మధ్యాహ్నపు ఎండ చాలా మేలు చేస్తుంది. స్ప్రే చేయించాల్సి వస్తే, పెద్ద పురుగును చంపే మందుతోపాటు లార్వా ఎదగకుండా ఆపే మెథోప్రీన్ లేదా పైరిప్రాక్సిఫెన్ ఉందేమో అడగండి. తడి ఆరేదాకా పిల్లలూ జంతువులూ అటు వెళ్లకూడదు, చేపల తొట్టి మూసి ఉంచాలి.

పిల్లి ఉన్న ఇళ్లకు మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. కుక్కలకు అమ్మే కొన్ని మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. ఒంటి మీద పోస్తే వణుకు, ఫిట్స్, ఆపై చావు. కుక్క మందులో సగం పిల్లికి వేయడం దాన్ని చేతులారా చంపుకోవడమే. కర్పూరం, కిరోసిన్, ఫినాయిలు, టీ ట్రీ నూనె కూడా పిల్లి ఒంటికి తాకకూడదు. వెల్లుల్లి తినిపిస్తే పురుగులు పోతాయన్నది ఇంకో వెర్రి. వెల్లుల్లి, ఉల్లి కుక్కకైనా పిల్లికైనా ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. వేపాకు పొగ వేస్తే పొగ వాసన వస్తుంది, గూడు లోపలి పురుగుకు ఏమీ కాదు. చిన్న పిల్లికూనలకు, కుక్కపిల్లలకు చాలా మందులు పనికిరావు. పేల దువ్వెనతో దువ్వి, దువ్వెనను సబ్బునీళ్లలో ముంచడమే మంచిది. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, పాలు తాగకుండా మగతగా పడుంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇంత చేసినా కొన్ని ఇళ్లలో ఫ్లీలు మళ్లీ మళ్లీ వస్తాయి. అలాంటప్పుడు గేటు బయట చూడాలి. రాత్రిళ్లు వీధికుక్క వచ్చి పడుకునే కారు నీడ, పిల్లి పిల్లల్ని పెట్టిన మెట్ల కింది చీకటి కొట్టు, సందులో ఎలుకలు. అక్కడ చెత్త తీసి, నీడను కాస్త పల్చబరిచి, ఎండ తగిలేలా చేస్తే చాలావరకు తగ్గుతుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే సెల్లార్‌లో మసలే పిల్లులకు నలుగురూ కలిసి మందు వేయించడం తలో ఫ్లాటూ విడివిడిగా పెట్టే ఖర్చు కన్నా చవక. వీధిలో ఉన్నవాటన్నిటికీ మందు వేయించలేం కాబట్టి, మన కుక్క వాకింగ్‌కు వెళ్లినన్నాళ్లు దాని నెలవారీ మందు ఆపకూడదు.