సొమ్మొకడిది... సోకొకడిది!

మొన్నీమధ్య ఓ రాత్రి మా గదిలో నలుగురు మిత్రులం చేరి ‘ఎల్విస్’ సినిమా చూశాం. 2022లో బాజ్ లుర్మన్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం. అందులో మెంఫిస్ నగరంలోని ఓ క్లబ్బులో ఒకావిడ గిటారు భుజాన వేసుకుని పాడుతుంటుంది.

“ఒరేయ్, ఎవర్రా ఆవిడ?” అన్నాడొకడు.

“ఎవరైతే మనకెందుకురా? రాక్ అండ్ రోల్ కనిపెట్టిందే మన ఎల్విస్! నోరు మూసుకుని సినిమా చూడు” అన్నాడు ఇంకొకడు. వాడు ఎల్విస్‌కి వీరాభిమాని లెండి!

నేను ఊరుకోలేకపోయాను. ఆ రాత్రి వాడితో వేసుకున్న వాదనే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు అసలు రాక్ అండ్ రోల్ అంటే ఏమిటి? నాలుగు దెబ్బల తాళం వేయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఇప్పుడు రెండో దెబ్బనీ, నాలుగో దెబ్బనీ గట్టిగా కొట్టండి. తల దానంతటదే ఊగుతోంది కదూ! దాన్నే బ్యాక్‌బీట్ అంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారు పాడుకున్న బ్లూస్, వాళ్ల చర్చిల్లోని గోస్పెల్, పియానో మీద పరుగెత్తే బూగీ-వూగీ, పల్లెటూరి తెల్లవారి కంట్రీ పాట... ఇవన్నీ ఈ తాళం మీద కలిసిపోతే పుట్టిందే రాక్ అండ్ రోల్. కాబట్టి దీన్ని ఫలానావారు ఫలానా రోజున కనిపెట్టారని చెప్పడం కుదరని పని.

ఇక ఆ గిటారావిడ సంగతి. ఆవిడ పేరు సిస్టర్ రోజెటా థార్ప్. 1915లో ఆర్కన్సా రాష్ట్రంలోని కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. చర్చిలో పాడే పాటని తీసుకెళ్లి 1938లో న్యూయార్క్ నైట్‌క్లబ్బులో పాడేసరికి భక్తులు భగ్గుమన్నారు. ఆవిడ మాత్రం తగ్గలేదు. 1944లో ఆవిడ రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ని మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డుగా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అప్పటికి ఎల్విస్ వయసెంతో తెలుసా? తొమ్మిదేళ్లు! 1947లో జార్జియాలో ఆవిడ కచేరీకి ముందు ఓ పద్నాలుగేళ్ల కుర్రాడు పాడుతుంటే విని, వాణ్ణి తన స్టేజీ ఎక్కించిందట. ఆ కుర్రాడే తర్వాత లిటిల్ రిచర్డ్ అయ్యాడు!

మరి ఇంత చేసినవాళ్ల పేర్లు మనదాకా ఎందుకు రాలేదు? అక్కడే ఉంది తిరకాసు. ఆ రోజుల్లో అమెరికాలో రికార్డులకూ రంగు చూసేవారు. నల్లవారి పాటల పట్టికకి 1949 దాకా ‘రేస్ రికార్డ్స్’ అనే పేరు. చాలా రేడియో స్టేషన్లలో వాటికి చోటే ఉండేది కాదు. అదే పాటని తెల్లగాయకుడు పాడితే మాత్రం ఊరంతా మోగేది. 1955లో లిటిల్ రిచర్డ్ ‘టూటీ ఫ్రూటీ’ పాడాడు. వెంటనే పాట్ బూన్ అదే పాటని నీటుగా, మెత్తగా పాడేశాడు. పాప్ పట్టికలో బూన్‌కి 12వ స్థానం, రిచర్డ్‌కి 17! ఒళ్లు మండిన రిచర్డ్ తర్వాతి పాటని బూన్ నోరు తిరగనంత వేగంగా పాడాడు.

పేరు పోతే పోయింది, డబ్బయినా దక్కిందా? అదీ లేదు! 1954లో ఎల్విస్ మొదటి రికార్డు ‘దట్స్ ఆల్ రైట్’. ఆ పాటని 1946లోనే రాసి పాడినవాడు ఆర్థర్ క్రుడప్. రావలసిన రాయల్టీ పూర్తిగా అందకుండానే 1974లో ఆయన కన్నుమూశాడు. ఎల్విస్ 1956లో పాడిన ‘హౌండ్ డాగ్’ని అంతకుముందే బిగ్ మామా థార్న్‌టన్ పాడింది. 1953లో ఏడు వారాలపాటు రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానం దానిదే. తనకు ముట్టింది మాత్రం ఒకే ఒక్క 500 డాలర్ల చెక్కు అని ఆవిడ వాపోయేది. చక్ బెర్రీ కథ ఇంకా విడ్డూరం. 1955లో ‘మేబెలిన్’ రికార్డు బయటికి వచ్చాక చూసుకుంటే, రచయితల్లో తన పేరు పక్కన ఇంకో ఇద్దరి పేర్లు! అందులో ఒకరు రాక్ అండ్ రోల్ అనే మాటని రేడియోలో ఊరూవాడా మోగించిన అలన్ ఫ్రీడ్. ఆయన తిప్పితేనే రికార్డు అమ్ముడుపోయే రోజులవి మరి! పాట హక్కు పూర్తిగా బెర్రీ చేతికి వచ్చేసరికి 1986 అయింది.

ఇదంతా విని మా వీరాభిమాని మొహం మాడ్చుకున్నాడు. “అయితే ఎల్విస్ దొంగంటావా?” అన్నాడు.

అననే అనను! అతని గొంతు అతనిదే, ఆ ఊపూ అతనిదే. పైగా 1956లో ఓ పత్రికకి ఇచ్చిన ఇంటర్వ్యూలో, ఈ సంగీతం నల్లవారు ఏళ్ల తరబడి పాడుతున్నదేనని క్రుడప్ పేరుతో సహా చెప్పాడు. దోషం ఒక్కడిది కాదు. పాట కట్టినవాడికి ఒకసారి చిల్లర విదిల్చి, లాభం తాను దాచుకున్న వ్యాపారానిది. ఏ పాటని ఎవరు పాడితే వింటామో రంగు చూసి తేల్చిన సమాజానిది.

లెక్క కొంత సరిపడింది గానీ, చాలా ఆలస్యంగా. 1973లో చనిపోయిన రోజెటా సమాధి మీద మూడు దశాబ్దాలకు పైగా పేరు చెక్కిన రాయి కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆవిడకి 2018లో, థార్న్‌టన్‌కి 2024లో చోటు దక్కింది. చక్ బెర్రీది మాత్రం వేరే అదృష్టం. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో అతని ‘జానీ బి. గుడ్’ ఉంది. భూమ్మీద ఆలస్యమైనా ఆకాశంలో పేరు నిలిచింది!

అర్ధరాత్రి దాటింది. మా వీరాభిమాని కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు:

“సరే గానీ... ఆ గిటారావిడ పాట ఒకటి పెట్టరా, విందాం!”