పెండ్లిపాటల పళ్లెములు

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవువారికి కొత్తగూడెము, పాల్వంచ దాటిన పిదప త్రోవకు రెండువైపుల నడవి కానవచ్చును. ఆ యడవి యంచున నున్న మా బంధువుల యింట, వానలు వెలిసిన పిమ్మట నొక పాత పెట్టె తెఱచితిమి. అందు 2008వ సంవత్సరమున దుకాణమున వ్రాయించి తెచ్చిన సీడీలు ఆఱు గలవు. నాల్గింట మా మేనత్తగారు పాడిన నలుగుపాటలు, తలుపుదగ్గఱి పాటలు, అప్పగింతపాటలు. తక్కిన రెంట పొరుగు కోయపల్లె స్త్రీల రేలపాటలు. మేనత్తగా రిప్పుడు లేరు. ఆఱింట రెండు మాత్రమే పలికినవి.

సోదరీమణు లిది చిన్న నష్టమని తలపరాదు. మా మేనత్తగారి పాటలు ఏ పుస్తకమునను లేవు. కోయపాటలు తరతరములుగా నోటనే నిలిచినవి. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారు డోలు, కంచుమేళములతో సమ్మక్క సారలమ్మల కథలను కోయభాషలోను తెలుగులోను గానము చేసి 2022లో పద్మశ్రీ పురస్కారము నందిరి, 2024లో గతించిరి. వారి గొంతు వినవలెనన్న నిక ధ్వనిముద్రలే గతి.

సీడీ యనునది గాజువలె నుండు ప్లాస్టికు పళ్లెము. దానిపై నొక రంగుపూత, ఆ పూతపై నద్దమువలె మెఱయు పలుచని లోహపు పొర, అన్నిటికిని పైన లక్కవంటి పూత. యంత్రములోని లేసరు కిరణము రంగుపూతను వేడిచేసి చుక్కలుగా మార్చును. అందుచేతనే ఇంగ్లీషువారు దీనిని కాల్చుట యనిరి. మన యూళ్లలో సీడీ కొట్టించుట యందురు. ఆ చుక్కల వరుస లోపలినుండి వెలుపలికి చుట్టలు చుట్టలుగా సాగును. విప్పి పఱచినచో సుమారు 5 కిలోమీటర్లు. అడుగువైపు గీతలు పడకుండ మనము కాపాడుదుము గాని, పేరు వ్రాయు పైవైపుననే ప్రమాద మెక్కుడు. లోహపు పొర యక్కడ పూతక్రిందనే యుండును. మా తప్పిదమును దాచనేల? పైన కాగితము లంటించి, బాల్‌పెన్నుతో నొత్తి పేర్లు వ్రాసి, తడిగోడ నానుకొనిన పెట్టెలో నేండ్లకొలది యుంచితిమి.

మా మేనకోడలి కంప్యూటరులో లైనక్సు కలదు. దీనిని 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు మొదలుపెట్టెను. దాని మూలము నెవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచుకొనవచ్చును. కనుకనే కొందఱు తెలుగువారు పూని దాని మాటలను తెలుగు చేయగలిగిరి. అందు డీడీరెస్క్యూ అను సాధన మొకటి యున్నది. అది మొదట బాగుగా నున్న భాగములను చదివికొని, పిదప చెడినచోట్లకు మరల మరల పోవును. ఎంతవఱకు చదివెనో చిట్టా వ్రాసికొనును గనుక నడుమ కరెంటు పోయినను పని మొదటికి రాదు. మావి ఫైళ్లుగా వ్రాసిన సీడీలగుటచే నిది సాగినది. టేపురికార్డరులో పాడించు పాటలసీడీలకు వేఱు సాధనము కావలెను. రెండు రాత్రులు యంత్రము గుఱ్ఱుమనుచునే యుండెను. చెడిన నాల్గింట మూడు చేతికి వచ్చినవి. అప్పగింతపాటలు రాలేదు.

క్రొత్తవి వ్రాయుటకు కేత్రీబీ, బ్రసేరో అను ఉపకరణములు గలవు. ఇందొక మెలిక. పాటలసీడీగా వ్రాసినచో పాత యంత్రములందును పాడును గాని 80 నిమిషములే పట్టును. ఫైళ్లసీడీలో 700 మెగాబైట్లు, అనగా ఎంపీత్రీ పాటలు వందకు పైగా పట్టును గాని పాత యంత్రము లన్నియు దానిని పాడవు. మిక్కిలి వేగము వలదు. వ్రాసినదానిని సరిచూడుమను గడిలో గుఱుతు పెట్టుట మఱవరాదు. దుకాణములో నీ యోపిక యెవరికి? కంప్యూటరుకు సీడీ తలుపు లేనిచో, యూఎస్‌బీ త్రాటితో తగిలించు విడి యంత్రము దొరకును. ప్రతిదానికి రెండేసి ప్రతులు చేసి, వేర్వేఱు ఇండ్లలో నుంచితిమి. కంప్యూటరునను ఒకటి గలదు.

రేలపాటల ప్రతిని కోయపల్లెకు గొనిపోయితిమి. ఒక పాటలో రెండవ గొంతెవరిదో మాకు తెలియదు. చావడిలో కూర్చున్న ముసలమ్మ విని, అది తన చెల్లెలిదని చెప్పి, మరల మొదటినుండి పెట్టుమనెను.