సస్పెన్స్ ఖాతాలో 'కల్కి'

ఇదివరకు సినిమా చూసి వచ్చిన మనిషిని "ఎలా వుంది?" అని అడిగేవాళ్ళం. ఇప్పుడు "ఎంత చేసింది?" అని అడుగుతున్నారు. దానికి జవాబు వచ్చేలోగానే "రెండో భాగం ఎప్పుడట?" అని ఇంకో ప్రశ్న. 2024 జూన్ 27న 'కల్కి 2898 ఎ.డి.' విడుదలైంది మొదలు, బళ్ళారిలో మా ఇంట పండగకు నలుగురు చేరితే ఈ రెండు ప్రశ్నల మీదే పంచాయితీ. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఒక పక్షం, బి.ఎస్సీ. చదువుతున్న మా అమ్మాయి ఎదుటి పక్షం, ఎనభై రెండేళ్ళ మా అమ్మ ఎవరికీ లొంగని మూడో పక్షం. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్నవాణ్ణి కనుక, లెక్క తేల్చే బాధ్యత నా నెత్తిన వేస్తూవుంటారు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. కురుక్షేత్రం ముగిసి ఆరువేల ఏళ్ళయింది. నీళ్ళూ పచ్చదనమూ అడుగంటిన లోకంలో మిగిలిన చివరి నగరం కాశీ. దాని నెత్తిమీద, ఉన్నవాళ్ళకు మాత్రమే ప్రవేశమున్న 'కాంప్లెక్స్'. అక్కడి ఏలిక సుప్రీం యాస్కిన్. అతగాడి ప్రయోగశాలలో గర్భవతి అయిన సుమతి కడుపులో వున్నది కల్కి భగవానుడని తెలిసి, శాపగ్రస్తుడైన అశ్వత్థామ ఆమెకు కాపలాగా లేస్తాడు. ఆమెను పట్టి అప్పగించి కాంప్లెక్స్‌లో చోటు సంపాదించాలని చూస్తాడు భైరవ. దర్శకుడు నాగ్ అశ్విన్. భైరవగా ప్రభాస్, అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్, యాస్కిన్‌గా కమల్ హాసన్, సుమతిగా దీపికా పదుకొణె నటించారు.

అన్నట్టు, ఆ 2898 ఎక్కడిదంటే, కలియుగం మొదలైందని మన పంచాంగాలు చెప్పే క్రీస్తు పూర్వం 3102కు దాన్ని కలిపితే సరిగ్గా 6000. లెక్క గట్టిగా చూసేవాళ్ళకు ఒక ఏడాది తరుగు పడుతుంది. క్రీస్తు పూర్వం 1 తరువాత వచ్చేది క్రీస్తు శకం 1 కదా, మధ్య సున్నా సంవత్సరం లేదు. వడ్డీ కట్టేటప్పుడు ఒక్కరోజు తేడా వస్తేనే మా ఖాతాదారులు ఊరుకోరు. సినిమా కాబట్టి ఒక ఏడాది వదిలేశాను.

మా మేనల్లుడి వాదన వసూళ్ళతో మొదలవుతుంది. "మామా, మూడు వారాల్లోపే వెయ్యి కోట్లు దాటిందని కంపెనీవాళ్ళే పోస్టర్ వేశారు. ఇంక రెండో భాగానికి డబ్బుకేం కొదవ?" అంటాడు. ఆ మాట నిజమే, పోస్టర్ వేశారు. అయితే ఆ వెయ్యి కోట్లు ఎవరి జేబులోవి అన్నది వేరే ప్రశ్న. గ్రాస్ అంటే టికెట్ కిటికీ దగ్గర మనం ఇచ్చిన మొత్తం సొమ్ము. ఒక టికెట్టు 295 రూపాయలనుకోండి. నూరు రూపాయలు దాటిన టికెట్టు మీద జి.ఎస్.టి. 18 శాతం. అంటే 45 రూపాయలు ప్రభుత్వానికి పోగా మిగిలేది 250. ఇది నెట్. మల్టీప్లెక్స్ అయితే మొదటి వారం అందులో ఇంచుమించు సగం వాళ్ళే వుంచుకుంటారు, వారాలు గడిచేకొద్దీ వాళ్ళ వాటా పెరుగుతుంది. మిగిలిన నూటపాతికే షేర్. అందులోంచి పంపిణీదారు తన పెట్టుబడి, తన కమిషన్ చూసుకోవాలి. మనం ఇచ్చిన 295 రూపాయలు సినిమా తీసినవాళ్ళ దిక్కుగా నడుస్తూ నడుస్తూ సగానికి తక్కువై చేరుతుందన్న మాట. విదేశాల వసూళ్ళ లెక్క వేరు, టీవీ, ఓటీటీ హక్కుల లెక్క వేరు. అభిమానులు మాత్రం గ్రాస్‌నే లాభం అనుకుని జబ్బలు చరుచుకుంటారు. దుకాణం అమ్మకాన్ని లాభంగా చూపించి అప్పు అడగడానికి వచ్చే వ్యాపారులను ఎంతమందిని చూడలేదు!

ఖర్చు ఆరువందల కోట్లదాకా అయిందని పత్రికలు రాశాయి. 1974లో మొదలైన వైజయంతీ మూవీస్ తన యాభయ్యో ఏట ఇంత మొత్తం ఒకే సినిమా మీద పెట్టింది. నా దృష్టిలో అసలు సాహసం తెర మీది పోరాటం కాదు, ఇదీ. భైరవ నడిపే 'బుజ్జి' అనే బండిని కూడా బొమ్మగా గీసి ఊరుకోలేదు. మహీంద్రావారు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్‌వారు కలిసి ఆరు టన్నుల బండిని నిజంగానే కట్టారు. తమిళనాడులోని మన పాఠకులకు ఇది సంతోషం కలిగించే సంగతి.

ఇక రెండో ప్రశ్న. బ్యాంకులో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దుకు చెందుతుందో అప్పటికి తేలని సొమ్మును అందులో వేసి వుంచుతాం. తేలగానే తీసి అసలు ఖాతాలో జమ చెయ్యాలి. ఎన్నాళ్ళు వుంచితే అంత ప్రమాదం. ఆడిటర్ వచ్చి మొట్టమొదట తెరిచేది ఆ పుస్తకమే. 'కల్కి' చివరి పావుగంట సస్పెన్స్ ఖాతాలో వేసిన పద్దులే. సుమతి శత్రువుల చేత పడింది. భైరవ పూర్వజన్మలో కర్ణుడని సూచన వచ్చింది. యాస్కిన్ వయసు మీరిన శరీరం వదిలించుకుని గాండీవం ఎత్తాడు. బిడ్డ పుట్టనే లేదు. కల్కి పేరు పెట్టిన సినిమాలో కల్కి ఇంకా రాలేదన్న మాట!

"అయితే ఏం? 'బాహుబలి' కూడా సగంలోనే ఆపారు కదా" అంటుంది మా అమ్మాయి. నిజమే. కానీ 2015 జులైలో 'బాహుబలి' మనకు ఇచ్చి పంపింది ఒకే ఒక్క ప్రశ్న. కట్టప్ప ఎందుకు చంపాడన్నది. పాలు పోయడానికి వచ్చే మనిషి దగ్గర నుంచి మా బ్రాంచిలో నగదు మోసే గార్డు వరకు అందరి నోటా అదే. 2017 ఏప్రిల్‌లో జవాబు చెప్పారు, ఖాతా మూసేశారు. 'కల్కి' నాలుగైదు ప్రశ్నలు వదిలింది, ఏ ఒక్కటీ అంత పొట్టిగా అడగడానికి వీలుగా లేదు. ఎదురుచూపు సాగేకొద్దీ ఇది చిన్న విషయం కాదు. జనం ఒక ప్రశ్నను రెండేళ్ళు జేబులో పెట్టుకు తిరుగుతారు. ఐదు ప్రశ్నలను మోయాలంటే మధ్యలో ఒకసారి మొదటి భాగం మళ్ళీ చూడాల్సిందే.

కథ పూర్తిగా ముగిసిన సినిమాకు కొనసాగింపు తియ్యడం ఇంకో రకం తంటా. 2010లో శంకర్ తీసిన 'రోబో'లో చిట్టిని విప్పేసి మ్యూజియంలో పెట్టడంతో కథ అయిపోయింది. యంత్రం తాను ఆలోచించడమే తన చేటుకు కారణమని చెప్పడంతో ముగిసే ఆ చివరి దృశ్యం తరువాత చెప్పడానికేమీ లేదు. ఎనిమిదేళ్ళ తరువాత 2018లో '2.0' వచ్చింది. సెల్‌ఫోన్లు పక్షుల గుంపులా ఎగిరాయి, హంగులకు లోటు లేదు. అయినా మా ఇంట్లో ఎవరిని అడిగినా మొదటి చిట్టి మాటలే చెబుతారు గానీ రెండో చిట్టి మాట ఒక్కటీ చెప్పలేరు. మూసిన ఖాతాను మళ్ళీ తెరిపించాలంటే పాత సంతకం సరిపోదు మరి.

కొనసాగింపు ఊసు ఎత్తితే 'ఆదిత్య 369' చెప్పకుండా ఎలా? ఊరికే వరసకు కలపడం కాదు, సంబంధం నిజంగానే వుంది. 'కల్కి'కి మార్గదర్శకుడుగా సింగీతం శ్రీనివాసరావుగారి పేరును 2020లోనే ప్రకటించారు. కర్ణాటకలో వున్న మనకు ఆయన 'పుష్పక విమాన' దర్శకుడిగా కన్నడిగులతో సమానంగా సొంతం. 1991 జులై 18న విడుదలైన 'ఆదిత్య 369'లో బాలకృష్ణ కాలయంత్రం ఎక్కి 1526కు వెళ్ళి కృష్ణదేవరాయల కొలువు చూస్తాడు. రాయలూ ఆయనే. తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్. అక్కడి నుంచి 2504కు ఎగిరి, భూమి మీద బతుకు ఏ గతికి చేరిందో చూస్తాడు. ఇళయరాజా సంగీతం. ఈ సినిమా తెర మీదికి రావడానికి గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు పూనుకున్నారు.

అప్పుడు నేను బి.కాం. చదువుతున్నాను. మా నాన్నగారు పత్తి మండీలో గుమాస్తా. ఏడాదికి రెండు సినిమాలకు మించి చూపించని మనిషి దీన్ని రెండుసార్లు చూపించి, మరుసటి ఆదివారం మమ్మల్నందరినీ బస్సెక్కించి హంపీ తీసుకెళ్ళారు. మహానవమి దిబ్బ మెట్లెక్కి, "ఇదిగో, రాయలు ఇక్కడే కూర్చునివుంటాడు, ఆటకత్తెలు అటునుంచి వచ్చివుంటారు" అని చేతులు చాచి చూపించారు. అంతకుముందు బడిపిల్లలతో ఆ రాళ్ళ మధ్య పులిహోర తిని వచ్చినవాళ్ళమే, అప్పుడు మాకు అవి రాళ్ళే. రాయల ఏలుబడి 1509 నుంచి 1529 దాకా. సినిమావాళ్ళు దిగిన 1526 నాటికి ఇంకా మూడేళ్ళే మిగిలాయి. ఆపైన ముప్పైఆరేళ్ళకు రాక్షసతంగడి యుద్ధం, నగరం నాశనం. బళ్ళారివాళ్ళకు భవిష్యత్తులోకి వెళ్ళడం అంత వింత కాదు. కళ్ళెదుట పడివున్న గతంలోకి వెళ్ళడమే అసలైన వైజ్ఞానిక కల్పన. 'కల్కి'లో ఎండిపోయిన కాశీని చూస్తున్నప్పుడు నాకు హంపీయే గుర్తుకొచ్చింది.

'ఆదిత్య' కథ ఎవరికీ బాకీ పడలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగివచ్చారు. అయినా జనం రెండో భాగం అడుగుతూనే వచ్చారు. 2024 డిసెంబరులో బాలకృష్ణ తన కుమారుడు మోక్షజ్ఞతో 'ఆదిత్య 999 మ్యాక్స్' తీస్తానని చెప్పారు. 2025 ఏప్రిల్ 4న పాత సినిమానే మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. మా అమ్మాయి చూసి వచ్చి, "ముందుకాలం అంతా బొమ్మల కొలువులా వుంది నాన్నా, రాయల కాలం బావుంది" అంది. ఈ లోపల అమ్రీష్ పురి, బాలసుబ్రహ్మణ్యం, చంద్రమోహన్ వెళ్ళిపోయారు. "ఏరా, ఆ కాలయంత్రం మళ్ళీ తీస్తారంటనా?" అని ఏడాదికొకసారి అడిగే మా నాన్నగారు 2009లోనే పోయారు. సస్పెన్స్ పద్దులో సొమ్ముకు వయసు లేదు, జమకోసం కాచుకున్న మనుషులకు వుంది.

ఆనాటి ఖర్చు కోటీ అరవై లక్షలు అని చెబుతారు. ఆ సొమ్మును నూటికి పది చక్రవడ్డీకి వేసివుంటే ముప్పైమూడేళ్ళకు ముప్పైఏడు కోట్లు చిల్లర అయ్యేది. ఆరువందల కోట్లు కాదు. కాబట్టి ధరలు పెరగడం ఒక్కటే కారణం కాదు, తెలుగు సినిమా నిలబడే అంగడి మారింది. ఒక్క భాషకు తీసిన సినిమా కాదిది. అంగడి పెద్దదైతే ఆటంకాలూ పెద్దవే. 2025 సెప్టెంబరులో, రెండో భాగంలో దీపిక వుండరని నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఆనాడు మా మేనల్లుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "మామా, ఇంక అయిపోయింది" అన్నాడు, ఏదో బ్యాంకు దివాళా తీసినట్టు. నాకలా అనిపించలేదు. పురాణంలోనూ కల్కి తల్లి పేరు సుమతే. ఊరు శంబలే. ప్రేక్షకుడు ఎదురుచూసేది ఆ తల్లి కోసం. మనిషి మారితే మొదటి పది నిమిషాలు గొణుగుతారు. బిడ్డ పుట్టాక మరిచిపోతారు. అయితే కమల్ హాసన్ స్థానంలో ఇంకొకరంటే నేనూ ఒప్పుకోను. మొదటి భాగంలో ఆయనను కొద్దిసేపే చూపించి దాచిపెట్టారు, అది ఫిక్సెడ్ డిపాజిట్.

ఇంతకంటే నాకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. మా మేనల్లుడు ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. తెలుగులో పట్టుమని పది నిమిషాలు మాట్లాడేది ఈ సినిమా మీద తగవు వచ్చినప్పుడే. మా అమ్మాయికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఇద్దరికీ ప్రభాస్ తెలుసు గానీ, సౌప్తిక పర్వం తెలియదు. అక్కడే మా అమ్మ చేతికి దొరుకుతారు.

"అశ్వత్థామకు కృష్ణుడిచ్చిన శాపం మూడువేల ఏండ్లకే కదా, ఆరువేల ఏండ్లు ఎట్లా తిరుగుతాడురా?" అని ఆవిడ మొదటి అభ్యంతరం. గడువు తీరిన అప్పును రెండింతల కాలం వసూలు చేసినట్టే మరి. కలియుగాంతం దాకా తిరుగుతాడనే వాడుక కూడా జనంలో వుందని నేను నచ్చజెప్పబోతే, "వాడుక వేరు, భారతం వేరు" అని కొట్టిపారేసింది. పిల్లలిద్దరూ ఫోన్లు పక్కనపెట్టి, నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపిన కథ, ఉత్తర గర్భం మీద వేసిన అస్త్రం కథ ఒక గంటసేపు విన్నారు. గర్భంలోని బిడ్డ మీద అస్త్రం వేసినవాడి చేతనే గర్భంలోని బిడ్డకు కాపలా కాయించడం నాగ్ అశ్విన్ ఆలోచనలో అన్నిటికంటే గొప్పదని అప్పుడు గానీ వాళ్ళకు తట్టలేదు. రెండుసార్లు సినిమా చూసినవాళ్ళకు!

మా అమ్మాయి ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో రెండో భాగం తేల్చవలసిన పద్దులు రాసిపెడుతోంది. మాటలు తెలుగు, లిపి కన్నడం. ఏడు రాసింది. మొన్న ఉగాదికి మా అమ్మ ఎనిమిదోది రాయించింది. మహాప్రస్థానానికి బయలుదేరినప్పుడు అగ్నిదేవుడు అడిగితే అర్జునుడు గాండీవాన్ని నీళ్ళలో వేసి వరుణుడికి తిరిగి ఇచ్చేశాడు కదా, మరి అది ఆ యాస్కిన్ చేతికి ఎట్లా వచ్చింది?