మేకు కొట్టని ఇల్లు

ఒక్క మేకు కూడా కొట్టకుండా ఇల్లు కట్టవచ్చునా? కట్టినా అది పెనుగాలికి నిలుస్తుందా? ఇది తెలుసుకోవాలంటే మనం పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులకు పోవాలి.

న్యూగినీ, సాలమన్, వనువాటు, న్యూ కాలెడోనియా, ఫిజీ దీవులను కలిపి మెలనీసియా అంటారు. వీటిలో ఫిజీ మనవాళ్ళకు కొత్త కాదు. 1903 మొదలు 1916 వరకు ఎందరో తెలుగువారు మద్రాసు రేవులో ఓడ ఎక్కి, అక్కడి చెరుకు తోటల్లో పనికి వెళ్ళారు.

ఫిజీ మూలవాసుల సంప్రదాయ గడ్డి ఇంటిని ‘బురె’ అంటారు. బురె కట్టేముందు మట్టీ, రాళ్ళూ పోసి ఎత్తుగా అరుగు లేపుతారు. దాని పేరు ‘యావు’. పూర్వం నాయకుడి ఇంటి యావు మిగతా ఇళ్ళకన్న ఎత్తుగా ఉండేది. గుడి యావు ఇంకా ఎత్తు. ఇల్లు పడిపోయినా యావు చెక్కుచెదరదు.

తరువాత చేవగల స్తంభాలను లోతుగా పాతి, పైన దూలాలూ, వాసాలూ అమరుస్తారు. రెల్లుతోగాని, వెదురు తడికలతోగాని గోడలు కడతారు. వాన నిలవకుండా ఏటవాలుగా, దట్టంగా గడ్డి కప్పుతారు. నేలమీద ఎండుగడ్డి పరచి, దానిపై మొగలి జాతి ఆకులతో అల్లిన చాపలు వేస్తారు.

మరి ఇవన్నీ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండటమెట్లా? కొబ్బరి తాటితో! కొబ్బరి డొక్కలను నానబెట్టి, చితకగొట్టి, పీచు తీసి ఆరబెడతారు. ఆ పీచును తొడమీద పురిపెట్టి, జడలాగా మూడు పాయలు అల్లుతారు. ఈ తాడే ‘మంగిమంగి’. స్తంభమూ, దూలమూ కలిసేచోటల్లా దీన్ని బిగించి చుడతారు. పనితనం గలవారి చేతిలో ఆ కట్లే అందమైన ముగ్గులవుతాయి.

తాటి కట్టులో ఒక రహస్యం ఉన్నది. గాలి ఊపినప్పుడు మేకు కదలనివ్వదు. అందుచేత కర్ర చీలుతుంది, లేదా మేకే ఊడివస్తుంది. తాడు మాత్రం కాస్త సాగి, గాలి తగ్గగానే మళ్ళీ బిగుసుకుంటుంది.

అలాగని బురె ఎంత గాలికైనా పడదనుకోకూడదు. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ అనే తుఫాను ఫిజీని ముంచెత్తింది. 44 మంది ప్రాణాలు పోయాయి. వేలాది ఇళ్ళు కూలిపోయాయి. కాని బురె పడిపోతే తిరిగి లేపటానికి కావలసిన కర్రా, గడ్డీ, కొబ్బరీ ఊరి చుట్టుపక్కలే దొరుకుతాయి. పనికి ఊరంతా చేయి కలుపుతుంది. ఈ ఆచారాన్ని ‘సొలెసొలెవకి’ అంటారు. ఈవేళ నీ ఇంటికి నేను గడ్డి మోస్తే, రేపు నా ఇంటికి నువ్వు మోస్తావు.

ఇప్పుడు ఫిజీలో చాలా ఊళ్ళలో రేకుల ఇళ్ళూ, సిమెంటు ఇళ్ళూ వచ్చాయి. గడ్డికప్పును కొన్నేళ్ళకొకసారి మార్చాలి. రేకుకు ఆ బాధ లేదు. కాని బురెలు తగ్గినకొద్దీ మంగిమంగి అల్లేవారూ తగ్గుతున్నారు. వీతిలెవు దీవి కొండల్లోని నవాలా గ్రామం మాత్రం బురెలకు ఇంకా పేరుపొందిన ఊరు.

కర్ర అడవిలో మళ్ళీ పెరుగుతుంది. గడ్డి మళ్ళీ మొలుస్తుంది. తాడు అల్లే విద్య మాత్రం తాత మనమడికి నేర్పితేనే మిగులుతుంది. ఆ విద్య ఉన్నంత కాలం ఎంత తుఫాను వచ్చిపోయినా, మేకు కొట్టని ఇల్లు మళ్ళీ లేస్తుంది.