వాన మొహం చాటేసే సీమలో ఏముంది చూడటానికి?

ఆదివారం పొద్దున్నే బెంగళూరులో బయల్దేరిన కార్లు పది గంటలకల్లా లేపాక్షి చేరతాయి. గుళ్లో వేలాడే స్తంభం దగ్గర గుంపు. ఒకరు తువ్వాలు ఇటునుంచి దూరుస్తారు, ఇంకొకరు అటునుంచి లాగుతారు, మూడోవారు ఫోనులో వీడియో తీస్తారు. ఆపైన నంది ముందు ఫొటో, హైవే పక్కన భోజనం, చీకటి పడేలోపు ఇల్లు. అడిగితే అనంతపురం చూసొచ్చామంటారు. నిజానికి వాళ్లు చూసింది ఒక స్తంభం కిందున్న సందు.

ఉమ్మడి అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న రెండయింది. గుత్తి, తాడిపత్రి, రాయదుర్గం, ఉరవకొండ అనంతపురంలో మిగిలాయి. లేపాక్షి, పెనుకొండ, కదిరి, ధర్మవరం పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. పటం మీద గీత పడింది గానీ ఆకాశం మాత్రం రెండింటికీ ఒకటే. నైరుతి రుతుపవనాల తడిని పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సత్తువ కోల్పోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన, అదీ అదునుకు పడితే! దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటిగా అనంతపురం పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఇలాంటి చోటికి విహారయాత్ర ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

అయితే ఈ నేల మీద నాలుగు రోజులు తిరిగితే ఒక సంగతి తేలుతుంది. ఇక్కడ చూడదగ్గవి చాలావరకు నీటి చుట్టూ అల్లుకున్నవే. నీళ్లు నిలిచిన చోట పక్షులు వాలాయి, ఊట దొరికిన చోట గుడి లేచింది, నీళ్లు అయిపోయిన చోట కోట పడిపోయింది.

లేపాక్షి ఒక్కటి మాత్రం నీటి కథ కాదు, డబ్బు కథ. పదహారో శతాబ్దంలో అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కలిసి తాబేలు ఆకారపు రాతిగుట్ట కూర్మశైలం మీద వీరభద్రాలయం కట్టించారు. రాజుగారి అనుమతి లేకుండా ఖజానా ఖర్చు చేశాడని విరూపణ్ణ మీద అభియోగం వచ్చిందనీ, శిక్ష పడేలోపు తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టుకున్నాడనీ స్థలపురాణం. కల్యాణ మండపం దగ్గర గోడ మీద ఎర్రటి మచ్చలు రెండు ఇప్పటికీ చూపిస్తారు. కథ నిజమో కాదో ఎలా ఉన్నా మండపం మాత్రం నిజంగానే సగంలో ఆగింది. స్తంభాలున్నాయి, కప్పు లేదు.

వేలాడే స్తంభం కూడా పూర్తిగా గాల్లో లేదు, ఒక మూల నేలకు ఆనుకునే ఉంటుంది. దాని దగ్గర గడిపే పది నిమిషాలను తల పైకెత్తి నిలబడటానికి వాడుకుంటే లేపాక్షి అసలు సొత్తు కనబడుతుంది. నాట్యమండపం కప్పంతా బొమ్మలే. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, ఆవుకు న్యాయం చేయడానికి కన్నకొడుకునే శిక్షించిన మనునీతి చోళుడు ఇక్కడ బారులు తీరి ఉంటారు. సున్నపు గచ్చు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు పూసి నల్లటి గీతతో అంచు కట్టారు. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తే ఆ కాలం మనుషుల బట్టలు ఒక్కొక్కటే విడివడతాయి. మగవాళ్ల తలమీద పొడవాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల కొప్పులు, చీరల మీద గళ్లు, చారలు, పూలు. ఏ రెండు చీరలూ ఒకేలా ఉండవు. స్తంభాల మీద చెక్కిన లతలు, హంసలు చీర అంచులకెక్కి లేపాక్షి డిజైన్లుగా చలామణీ అవుతున్నాయి. ఊరి మొగదల ఉన్న నంది ఒకే బండలో చెక్కింది, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దాని మెడలోని గంటల దండలు, గొలుసుల అల్లిక దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తాయి. 2022లో ఈ గుడీ నందీ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

లేపాక్షికి దగ్గర్లోనే, చిలమత్తూరు మండలంలో, వీరాపురం ఉంది. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో ఇక్కడికొచ్చి ఊరి నడిబొడ్డున చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. అరుగు మీద కూర్చున్న ముసలాయన నెత్తిన కొంగ, కొంగ నెత్తిన ఎండ. కింద రెట్టల వాసన, పైన ముక్కుల టకటక. కొంగ పిల్లలు ఆకలికి అరుస్తుంటే పక్కింట్లో పసిపిల్లల ఏడుపు వినబడదంటే అతిశయోక్తి కాదు. అయినా ఊరివాళ్లు వాటిని తరమరు. కొంగలొస్తే వానలొస్తాయని, రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మకం.

పత్రికల్లో, టీవీల్లో వీటిని సైబీరియా కొంగలని రాయడం అలవాటైపోయింది. అది పొరపాటు. ఎర్రకాళ్ల కొంగ మన భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాల పక్షి. సైబీరియా మంచు దాని కంట పడనే లేదు. మేత దొరికే చెరువులను బట్టి దేశంలోనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరులో గూళ్లు పెట్టేవీ ఈ జాతివే. వేట పద్ధతి తమాషాగా ఉంటుంది. మోకాలిలోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ తిప్పుతూ నడుస్తుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. చూసి పట్టడం కాదు, తాకితే పట్టడం. అంటే దానికి లోతు తక్కువ నీళ్లు, వాటిలో నిండుగా చేపలు కావాలి. చుట్టుపక్కల చెరువులు ఎండితే ఎంత చింతచెట్టున్నా కొంగ పిల్లల్ని సాకలేదు. వీరాపురం చూడబోయేవాళ్లు ఆ ఏడు చెరువుల్లో నీళ్లున్నాయో లేదో ముందే వాకబు చేసుకోవడం మేలు.

కదిరి వైపు వెళ్తే నంబులపూలకుంట మండలం గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను. బయట నుంచి చూస్తే చిన్నపాటి అడవి అనుకుంటారు. లోపలికి నడిచాక గానీ ఇదంతా ఒకే చెట్టన్న సంగతి బుర్రకెక్కదు. దాదాపు 5 ఎకరాల నేలను కమ్ముకుంది, చుట్టుకొలత 846 మీటర్లు. రిగ్రెట్ అయ్యర్ అనే కర్ణాటక పాత్రికేయుడు వెంటపడి దీని వివరాలు బయటపెట్టాక 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. కోల్‌కతా దగ్గర హౌరా మహామర్రి, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పేరు మోసినవే గానీ వైశాల్యంలో దీని తర్వాతే.

మర్రి ఇంతలా ఎలా పరుచుకుంటుందంటే, కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. నేల తాకిన ఊడ వేరవుతుంది, ఆపైన లావెక్కి మానవుతుంది. ఆ మాను ఆసరాతో కొమ్మ ఇంకో పది గజాలు ముందుకు సాగి మళ్లీ ఊడ దింపుతుంది. ఇక్కడ అలాంటి మానులు వెయ్యికి పైనే. నడిమి మొదలు పుచ్చిపోయినా అంచుల చెట్టు బతికే ఉంటుంది. లేత ఊడ గాల్లో ఎండిపోకుండా అటవీశాఖ సిబ్బంది చీల్చిన వెదురు బొంగులో మట్టి, పేడ నింపి ఊడను అందులోంచి నేలకు దించుతారు. నీటి కొరత ఉన్న చోట ఈ పని మనిషి చేయకపోతే చెట్టు ఇంత సాగడం కష్టం. పిల్లలమర్రికి 2017 చివర్లో కొమ్మ విరిగిపడి, చెదలు సోకి, మరుసటి ఏడాది ఆసుపత్రి రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలతో మందెక్కించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

తిమ్మమ్మ కథ అందరూ చెప్పేదే. 1433 ప్రాంతంలో భర్త బాలవీరయ్య చనిపోతే ఆమె సహగమనం చేసిందనీ, చితి దగ్గర పాతిన గుంజ చిగురించి మర్రి అయిందనీ నమ్ముతారు. పిల్లలు లేనివాళ్లు మొక్కుకుంటారు, శివరాత్రికి జాతర జరుగుతుంది. ఇలాంటి కథే బుక్కరాయసముద్రం చెరువుకూ ఉంది. పద్నాలుగో శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కవొడయారు పండమేరు వాగుకు అడ్డంగా కట్టించిన ఈ చెరువు తెగబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిచ్చి గండి పూడ్చిందని చెబుతారు. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యానికి ఇదే వస్తువు. అనంతపురం పట్నానికి పేరొచ్చింది కూడా ఈ కట్టకు ఇంకో కొసన వెలసిన అనంతసాగరం నుంచే. చెట్టుకైనా చెరువుకైనా ఈ సీమ చెప్పుకునే పెద్ద కథలు రెండూ ఆడవాళ్ల చావు మీదే నిలబడ్డాయి. చేతులు జోడించేవాళ్లు ఆ సంగతి కూడా ఒక్క క్షణం తలచుకుంటే బాగుంటుంది.

గుత్తి కోట ఎక్కడానికి మోకాళ్లలో బలం, చేతిలో నీళ్ల సీసా రెండూ కావాలి. ఊరి మీద దాదాపు 300 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన గుట్ట. ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం, ఒక బురుజు తర్వాత ఇంకో బురుజు. పైన కొండ కొసన సున్నంతో నున్నగా తీర్చిన చిన్న మంటపముంది, మురారిరావు గద్దె అంటారు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. ఈ కోటను హైదరాలీ 1776లో పట్టుకున్నాడు, అదీ ఫిరంగులతో కాదు. ముట్టడి నెలల తరబడి సాగి, సంధి మాటలు నడుస్తుండగా కోటలో నీళ్లు మూడు రోజులకు మించి లేవన్న గుట్టు మురారిరావు తరఫు మనిషి నోటనే బయటపడిందని చరిత్రకారులు రాశారు. అంతే, హైదర్ సంధి పక్కనపెట్టి దాహం పని పూర్తి చేసేదాకా ఆగాడు. కొండ మీది ఎండిన బావుల్లోకి తొంగి చూస్తే ఆ ముట్టడి కళ్లకు కడుతుంది. దత్తమండలాల తొలి కలెక్టరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చిపెట్టింది ఈ ఊళ్లోనే. తర్వాత అవశేషాలను మద్రాసుకు తరలించారు.

తాడిపత్రిలో నీరు ఉదారంగా ఉంది. పెన్న ఒడ్డున పెమ్మసాని రామలింగనాయుడు కట్టించిన బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం అడుగున ఊట. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేని నెలల్లోనూ గర్భగుడిలో తడి ఆరదు. ఇక్కడి గోపురాలు రెండూ పైదాకా లేవనే లేదు. అయితేనేం, ఉన్న రాతి అడుగుభాగాల మీద వేలెడు చోటు వదలకుండా చెక్కారు. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడి ముందు రాతిరథం చూడటానికి హంపీ దాకా పోనక్కర్లేదనిపిస్తుంది. గుడి గోడ మీద రామాయణం వరసగా నడుస్తుంది, బడిపిల్లలను తీసుకెళ్లడానికి ఇంతకు మించిన చోటు లేదు. తాడిపత్రి దాకా వచ్చినవాళ్లు పక్క జిల్లాలోని బెలుం గుహలు కూడా చూసుకుని వెళ్లొచ్చు. సున్నపురాతిని భూగర్భజలాలు తొలిచి చేసిన 3,229 మీటర్ల సొరంగాలవి.

పెనుకొండ గగనమహలు, బాబయ్య దర్గా, హేమావతిలో నొలంబ రాజుల కాలపు శిల్పాలు, పుట్టపర్తి ప్రశాంతి నిలయం ఎవరి ఆసక్తిని బట్టి వారు చూసుకునేవి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట మాత్రం వదలకూడదు. మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, ఉలితో చుక్కలు చుక్కలుగా తొలిచే తోలుబొమ్మల కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గి చేతిపని దీపాల తెరల వైపు మళ్లింది. దీపం వెలిగించగానే తోలు వెనక రావణుడు ఎర్రగా లేచి కూర్చుంటాడు.

ఎప్పుడు రావాలంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సుఖం. కొంగల కోసమైతే ఫిబ్రవరి, మార్చి. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి దొరికే చిన్న హోటళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో బండలు కాలిపోతుంటే కోటలెక్కే సాహసం వద్దు.

ఒక్క చోటికి మాత్రం తొలకరిలోనే జనం వస్తారు. ఉరవకొండ పక్కన వజ్రకరూరు. భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైట్ రాతి గొట్టాలు ఇక్కడి నేలలో ఉన్నాయి. జూన్‌లో నాలుగు చినుకులు పడి పైమట్టి కొట్టుకుపోగానే కర్నూలు నుంచి, బళ్లారి నుంచి కుటుంబాలకు కుటుంబాలే సద్దిమూటలతో దిగుతాయి. నడుం వంచి, మట్టిలోకి చూస్తూ, మెరిసిన ప్రతి రాయినీ నోట్లో పెట్టి తడిపి చూసేవాళ్లు కొందరు. ఎక్కువమందికి పలుగురాళ్లే మిగులుతాయి. అదే వానకు రైతు చెనిక్కాయ విత్తనం వేయాలి. గొర్రు తోలే చేలో వందమంది తొక్కుతూ తిరుగుతుంటే అదును పోతుందని కేకలేసి తరిమే రైతులూ ఉన్నారు, గట్టు మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి పంపేవాళ్లూ ఉన్నారు.